నీలి-పసుపు ముక్కకు జోడీ ఏది?

సీక్రెట్ ఏజెంట్ లక్ష్మీరాజం గురి తప్పిన దాఖలా సర్కారు రికార్డుల ఒక్కటి గూడ లేదు.

1965ల, మెట్‌పల్లి అంగట్ల, పట్టపగలు గా రికార్డు మొదలైంది. పసుపుకొమ్ముల బేరగాని వేషంల ఉన్న లక్ష్మీరాజం, ఇరవై అడుగుల దూరంల నిలబడ్డ దేవదాసు మీద పిస్తోలు పేల్చిండు. దేవదాసంటే పరాయి దేశపు ముఠాకు కిరాయి హంతకుడు. గుండు పోయి చాయ్ హోటల్ కెటిల్‌కు తాకింది. రెండోది గూడ అదే కెటిల్‌కు తాకింది.

గింతల దేవదాసు, మన ఇన్ఫార్మర్ వెంకటి కడుపుల కత్తి దింపి, రెండుసార్లు తిప్పి, కదులుతున్న లారీ ఎక్కి ఎల్లిపోయిండు.

లక్ష్మీరాజం ఉరికిపోయి వెంకటి తల ఒళ్లె పెట్టుకున్నడు. వెంకటి అంగి లోపట నుంచి నెత్తురుల నానిన బొంతముక్క తీసిచ్చిండు.

"దేవదాసుకు పోయే హుకుం ఇది... నేను కొట్టేసిన. ఇయాల... ఫౌజు రైలు... వంతెన లేపేస్తరు."

"ఏ వంతెన?"

వెంకటి కండ్లు తెరిచే ఉన్నయ్. పాణం మాత్రం లేదు.

లక్ష్మీరాజం బొంతముక్క పట్టుకొని కరీంనగర్‌కు ఉరికిండు. గా రైలింజన్ల బొగ్గేసేటోడు ఆయన తమ్ముడు అంజన్న.

కరీంనగర్ల చీఫ్ సత్తార్ సాబ్ ఇల్లే సీక్రెట్ హెడ్డాఫీసు. సత్తార్ తలుపు సందుల నుంచి కోడ్ వర్డ్ అడిగిండు.

"గుమ్మడికాయలు ఎట్లున్నయ్?"

"మేక తిన్నంక జర సన్నబడ్డయ్."

తలుపు తెరుచుకున్నది.

లోపట డబుల్ ఏజెంట్ గంగుబాయి కూసున్నది. ఆదిలాబాద్ మనిషి. ముఠాల ఉంటది, మనకు రిపోర్ట్ ఇస్తది. నల్ల గాగుల్స్, ఎర్ర లిప్‌స్టిక్, మూలకు నీలి-పసుపు అతుకున్న గుడ్డసంచి. ఆమె నడిచిపోతే కరీంనగర్ గడియారాలన్నీ ఐదు నిమిషాలు ఎన్కబడుతయని డిపార్ట్‌మెంటు అంచనా.

బొంతముక్కను మేజా మీద పరిచిండ్రు. తొమ్మిది చదరాలు. ఒక్కో చదరంల మూల నుంచి మూలకు రెండు ముక్కోణాలు, రెండు రంగులు. చుట్టూ ఎనిమిది ఎరుపు-తెలుపు. నడుమ ఒక్కటి నీలి-పసుపు.

"అరే బాబా, సోపం ఆహే! గింత సులువు," అన్నది గంగుబాయి. "తెల్ల మొనలన్నీ కిందికి చూస్తున్నయ్. అంటే దక్షిణం. మానేరు వంతెన."

సత్తార్ పోలీసులందరినీ వ్యాన్లల్ల ఎక్కించుకొని మానేరుకు పోయిండు. ముఠా మీద కన్నేసి ఉంటనని చెప్పి గంగుబాయి తన జీపెక్కింది. రైల్వే స్టేషన్ల ఫోన్ తీగెలు పొద్దుగాలే ఎవరో తెంపిండ్రు. రైలును ఆపే దారి లేదు.

లక్ష్మీరాజం గూడ ఉరకబోతుంటే సత్తార్ తల్లి బిస్మిల్లా బీ అడ్డమొచ్చింది. చాయ్ కప్పులు తీయనీకి వచ్చిందామె. నలభై ఏండ్ల సంది బొంతలు కుట్టే మనిషి.

"బేటా, గీ నడిమి ముక్కకు జోడీ ఏది?"

"జోడీ ఏంది అమ్మీ! నా తమ్ముని పాణం పోతున్నది!"

"జర ఆగు. రెండు రంగుల చదరాలు ఒకదాని మీదొకటి పెడ్తం. మూల నుంచి మూలకు గీత గీస్తం. గీతకు ఇటొక కుట్టు, అటొక కుట్టు. గీత మీద కోసి విప్పితే రెండు చదరాలైతయ్, అచ్చం ఒక్క తీరు. ఒంటిగ ఎన్నడు పుట్టవు. ఎర్రయి ఎనిమిది, అంటే నాలుగు జోడీలు. నీలిది ఒక్కటే ఉన్నది. ఇంకోటి కుట్టినోళ్ల తాననే ఉంటది."

లక్ష్మీరాజం నెత్తి కొట్టుకున్నడు. గంగుబాయి సంచి మీద చూసిందే గదా! ఫ్యాషన్ అనుకున్నడు.

"హుకుం కుట్టింది ఆమెనే. మానేరు అబద్ధం. గా రైలు దారిల పెద్ద వంతెనలు రెండే, ఇగ మిగిలింది గోదారి వంతెన."

"నడువు, నేనొస్త."

"నువ్వెందుకు అమ్మీ?"

"నీ గురి సంగతి మా సత్తార్ చెప్పిండు."

మిగిలిన ఒక్క మోటర్ సైకిల్ మీద ఇద్దరు నలభై మైళ్లు గాలిలెక్క పోయిండ్రు. బర్రెలు అడ్డమొచ్చిన ఐదుచోట్ల మాత్రం ఆగిండ్రు.

సాయంత్రం నాలుగు దాటింది. వంతెన మొదట్ల గంగుబాయి డైనమైట్ పెట్టె ముంగట కూసొని ఉన్నది. పెట్టె నుంచి తీగెలు పట్టాల కిందికి పోయినయ్.

"నువ్వు బండి తాన్నే ఉండు," అని బిస్మిల్లా బీకి చెప్పి లక్ష్మీరాజం పిస్తోలు పేల్చిండు. చుట్టుపక్కల కెటిల్ లేకపాయె, గుండు గోదాట్ల పడ్డది.

వంతెన చాటు నుంచి దేవదాసు ఆయన మీదికి దుంకిండు. కత్తి లక్ష్మీరాజం భుజంల పిడిదాక దిగింది. లక్ష్మీరాజం వాని చెవు కొరికి ఉమ్మిండు. చెయ్యి పట్టా మీద పెట్టి తొక్కిండు. ఎండుకట్టె ఇరిగినట్టు చప్పుడైంది. తలకాయ వంతెన ఇనుముకు మూడుసార్లు కొట్టి కిందికి నూకిండు. బండమీద పడ్డంక దేవదాసు కదల్లే. నెత్తురు మాత్రం నీళ్లల్ల చానా దూరం పోయింది.

గంగుబాయి లేవకుంటనే లక్ష్మీరాజం తొడల గుండు దింపింది. అప్పుడే రైలు కూత. ఇంజన్ల నుంచి అంజన్న తల బయటికి పెట్టి చూస్తుండు.

"సంపలం, బాబా! అయిపోయింది. నీ తమ్మునికి టాటా చెప్పు." రెండు చేతులు పెట్టె పిడి మీద ఏసింది.

లక్ష్మీరాజం నెత్తురు కారుకుంట బొర్లిబొర్లి పోయి, ఆఖరి సెకండ్ల తీగెను పండ్లతోటి కొరికి తెంపిండు! పిడి దిగింది. ఏం కాలే. రైలు దాటిపోయింది.

గిక్కడిదాక రాసి నేను అంజన్నకు చదివి వినిపించిన. ఆయన బీడీ ఆర్పి నా దిక్కు చూసిండు.

"ఏందిర నువ్వు రాసింది? నేను ఇంజన్ల నుంచి చూసిన గదా. మా అన్న ఎల్లెలుకల పడి ఉండె, సోయి లేకుంట."

సరే, ఒప్పుకుంటున్న. తీగె తెంపింది లక్ష్మీరాజం కాదు. బిస్మిల్లా బీ బండి తాన ఉండలే. పట్టాల నడుమ నుంచి కంకరరాయి లేపి గంగుబాయి చేతులు చితుకగొట్టింది. ఇంకో దెబ్బ నెత్తి మీద ఏసి, రెండు తీగెలను పెట్టె నుంచి ఊడబెరికింది. రైలు దాటేదాక గంగుబాయి మీదనే కూసున్నది.

"మూడు వందల మంది ఫౌజోళ్లు, నేను, గా పెద్దమ్మ పుణ్యాన బతికినం," అన్నడు అంజన్న. "ఆమె పేరు తీసి మా అన్న పేరు ఎట్ల పెడ్తివిర?"

"మీ అన్ననే గట్ల రాయమన్నడు."

"ఏం ఇచ్చిండు?"

నేను తల దించుకున్న.

"రెండు చాయ్‌లు. ఒక మిర్చి బజ్జి."