తనకల్లు పెండ్లికొడుకు

ముత్యాలప్ప ఇంట్లో కోడి కంటే ముందు వెంకటలక్ష్మమ్మ నోరు లేస్తుంది. ఆ రోజూ అంతే.

"పొద్దెక్కుతాంది, ఇంకా ఆ బంతితో ఏం సరసమే ఆంజీ? మీ నాయన మగ్గం గుంటలోకి దిగి ఎంతసేపాయె! అన్నం ఆ బంతి పెడతాదా?"

ఆంజినమ్మ నవ్వుకుంటూ బంతిని మంచం కిందికి తన్ని, మగ్గం దగ్గరికి పోయి తండ్రి పక్కన కూర్చుంది. ధర్మవరంలో పెద్ద అంచు పట్టుచీర నేయాలంటే ఒక మనిషి చాలడు. నేసేవాడు గుంటలో కూర్చుంటే, ఒక పక్క అంచుకు నాడె వేయడానికి, అంటే అంచు దారాన్ని పోగుల మధ్య అటూఇటూ తోయడానికి, రెండో మనిషి కావాలి. బడి మానినప్పటి నుంచి ఆ రెండో మనిషి ఆంజినమ్మే. పైగా ఆ వీధిలో ఒక నమ్మకం ఉంది. చీర మొదలుపెట్టిన చేతులే చీరను ముగించాలి. మధ్యలో చెయ్యి మారితే నేత బిగువు మారుతుంది, అంచు చూసి ఎవరైనా పట్టేస్తారు.

ఇక బంతి సంగతి. డెబ్బై అయిదులో డ్రిల్లు సారు యేసన్న బడిలో ఆడపిల్లలను పోగుచేసి రైల్వే గ్రౌండులో ఫుట్‌బాల్ నేర్పించడం మొదలుపెట్టాడు. ఆడపిల్లలు నిక్కర్లు తొడిగి బంతి తన్నితే వానలు పడవని వీధి పెద్దలు అన్నారు. అనంతపురం జిల్లాలో అంతకుముందు వానలు కుండపోతగా పడుతుండేవి కాబోలు! వెంకటలక్ష్మమ్మ కూతురిని గదిలో పెట్టి గొళ్ళెం వేసింది. ఆ గొళ్ళెం తీసింది ముత్యాలప్పే.

"మగ్గం పక్కన పుట్టిన బిడ్డ. బంతి తన్నితే కాళ్ళు అరిగిపోతాయా?" అన్నాడు.

ఆ తర్వాత తాడిపత్రిలో ఆడినా, కర్నూలులో ఆడినా మైదానం గీత పక్కన తువ్వాలు పరుచుకుని కూర్చునే మొదటి మనిషి ఆయనే. ఎవరూ రమ్మనక్కర్లేదు. ఆంజినమ్మ గోల్ కొడితే పక్కవాళ్ళ వీపులు విమానం మోత మోగించేవాడు. తల్లి తిట్టినప్పుడల్లా ఆ పిల్ల తండ్రి వెనక చేరేది. రాష్ట్రం జట్టులో ఆడి వచ్చాక, దేశం జట్టును ఎంచడానికి బెంగుళూరులో క్యాంపు పెడతారని, పిలుపు వస్తే తానే ఇంటికి వచ్చి చెబుతానని యేసన్న సారు అన్నాడు. అందులో నెగ్గితే పరదేశం వాళ్ళతో ఆట. ఉగాది పోయినా సారు రాలేదు. ఆంజినమ్మ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

ఆ పొద్దున తండ్రి జరీ తెమ్మంటే, నేతకు పడుగూ జరీ ఇచ్చే షావుకారు ఇంటికి బయలుదేరింది. మలుపులో యేసన్న సారు సైకిలు దిగాడు. ముఖంలోకి చూడకుండానే అడిగాడు.

"పెండ్లి పనులు యాడిదాకా వచ్చినాయమ్మా?"

"ఎవురి పెండ్లి సార్?"

"నీదే! తనకల్లు సంబంధమంట కదా. పిలుపొచ్చిందని చెప్పను మీ ఇంటికే వస్తాంటే, నువ్వింక ఆడనన్నావని మీ నాయన దావలోనే చెప్పినాడు. మంచిదేలే. క్యాంపుకు నీ బదులు కడప పిల్ల పేరు పంపిస్తిమి. రేపే తీసకపోతాండా." ఆయన సైకిలు తిప్పుకోబోయి ఆగాడు. "ఒక్క మాట నువ్వే వచ్చి చెప్పింటే బాగుండు తల్లీ. ఇన్నేండ్లు నేర్పించిన వాణ్ణి కదా."

పిలుపు వచ్చింది. వచ్చి, తన దాకా రాకుండానే పోయింది. ఆంజినమ్మ జరీ మాట మరిచి ఇంటికి పరుగెత్తింది. దారంతా తల్లి మీదే మండిపడుతూ పోయింది. నాయన నోట అబద్ధం పలికించగలిగేది ఆమె తప్ప ఇంకెవరు?

"అమ్మా! నాకు పెండ్లి కుదిరిందని సారుకు చెప్పించినావా?"

వెంకటలక్ష్మమ్మ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. "ఏం పెండ్లి? నేను తిడతా, మొగం మీదే తిడతా. ఎనకాల పోయి గొంతు కోసే బుద్ధి నాకు లేదమ్మీ."

మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"నేనే చెప్పినా," అన్నాడు ముత్యాలప్ప తల ఎత్తకుండా.

ఆంజినమ్మ మగ్గం వైపు తిరిగింది. "నువ్వా నాయనా?"

"చీర సగంలో ఉండాది. చెయ్యి మారితే అంచు పట్టిస్తాది. ఈ తూరి కాకపోతే వచ్చే యేడు పిలుస్తారులే అనుకుంటి. షావుకారు ఒక పడుగు వద్దంటే ఇంకో పడుగు ఇయ్యడా?"

"అది పడుగు కాదు నాయనా! నేను పోకపోతే ఇంకొకరు పోతారు, అంతే. వాళ్ళకు మల్లా నా పేరు కూడా గుర్తుండదు. నాతో ఒక మాట చెప్పకూడదా?"

"చెప్తే పోతావని..."

"అందుకని నాకు మొగుణ్ణి పుట్టించినావా?"

"పెండ్లంటే ఎవురూ మారుమాట అడగరని అట్ల చెప్పినా."

ఆంజినమ్మ కళ్ళ నీళ్ళు జలజలా రాలాయి. "అమ్మ తిట్టినప్పుడల్లా నీ ఎనక దాక్కుంటి. దాక్కోవాల్సింది నీకాడి నుంచే అని నాకు తెలీకపాయె."

వెంకటలక్ష్మమ్మ చేట విసిరికొట్టింది. చీరకుచ్చెళ్ళు ఎగదోపి, మగ్గం పక్కన కూతురు కూర్చునే చోట చతికిలబడింది.

"ఇది పుట్టకముందు ఈడ కూచోని నీ అంచుకు నాడె వేసింది ఎవురప్పా? అంచు పట్టిస్తాదంట! పట్టియ్యనీ. బిడ్డ బతుకు కంటే అంచు ఎక్కువా? చీర మాట కాదులే, నీ కడుపులో ఉండేది చెప్పు."

ముత్యాలప్ప తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "తాడిపత్రిలో గెలిచిన పొద్దు అందురూ దీన్ని భుజాలమీద ఎత్తుకున్న్యారు. నేను గీత కాడ నిలబడి పిలిస్తే దీనికి వినపడలే. ఇంక బెంగుళూరు, పరదేశం... పోతే మల్లా నా పక్కన వచ్చి కూచుంటాదా?"

"నిజంగా తనకల్లుకు పెండ్లి చేసి పంపింటే మాత్రం కూచుంటానా నాయనా?" అంది ఆంజినమ్మ.

ఇంతలో పెండ్లి మాట వీధిలో విన్న పక్కింటి భద్రమ్మ గడపలో నుంచి తొంగిచూసింది. "ఏమమ్మీ, తనకల్లోళ్ళు చీర పెట్టను ఎప్పుడొస్తారు? మాకు చెప్పకుండానే ఖాయం చేసుకుంటిరే!"

కుదిరిందన్న సంబంధం రేపు లేదంటే ఆ వీధిలో నింద ఎవరి మీద పడుతుందో అందరికీ తెలుసు. పిల్లలో ఏం లోపముందో అంటారు. ముత్యాలప్ప మగ్గం గుంటలో నుంచి లేచి, చొక్కా కూడా తొడుక్కోకుండా వీధిలోకి నడిచాడు. "పో, ఆయప్ప ఏం చెప్తాడో నీ చెవులతో విను," అని తల్లి తరిమితే ఆంజినమ్మ వెనకే వెళ్ళింది. భద్రమ్మా వదల్లేదు. ఆమె వెనక సగం వీధి కదిలింది.

యేసన్న సారు అరుగు ముందు ముత్యాలప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, నేను అబద్ధం చెప్పినా. తనకల్లులో పెండ్లికొడుకు లేడు. నా కూతురు ఆడనని యాడా అనలే. మీరు పిలిచిన సంగతి కూడా దానికి తెలీదు." తర్వాత వెనక్కి తిరిగి జనాన్ని చూశాడు. "సంబంధం తప్పిపోయిందని ఎవురన్నా అంటే నాకాడికి రాండి. తప్పింది సంబంధం కాదు, నా బుద్ధి."

యేసన్న సారు అరుగు దిగి వచ్చాడు.

"ఎంత పని చేస్తివప్పా! ఆ పిల్ల పేరు తీసేయమని నేను అడగలేను. ఆంజీ, రేపు పొద్దున బండికి నువ్వూ రా. ఒక్కతూరి గ్రౌండులోకి దించి చూడమని వాళ్ళ కాళ్ళు పట్టుకుంటా. చూస్తే వదలరు. చూసేదే లేదంటే మాత్రం తిరిగి రావాల్సిందే."

"వస్తా సార్," అంది ఆంజినమ్మ.

తిరుగుదారిలో తండ్రీకూతుళ్ళు ఎడంగా నడిచారు.

"తప్పు చేసినా," అన్నాడు ముత్యాలప్ప.

"చేసినావు," అంది ఆంజినమ్మ.

తండ్రి కుంగిపోయిన భుజాలు చూస్తే ఆమెకు జాలి వేసింది. కోపం మాత్రం పోలేదు. ఎవరో పరాయివాళ్ళు చేసి ఉంటే రెండు తిట్టి మరిచిపోయేది. గొళ్ళెం తీసిన చేతులే గొళ్ళెం వేశాయే అని ఆమె గుండె మండుతోంది.

ఇల్లు దగ్గర పడింది. లోపల వెంకటలక్ష్మమ్మ అప్పుడే అంచు దారాలు సవరించుకుంటూ ఎవరినో తిడుతోంది. ముత్యాలప్ప గడప దగ్గర ఆగిపోయాడు. ఏ ఊరి ఆటకూ ఎవరినీ అడిగి పోని మనిషి, కూతురి ముఖంలోకి చూడలేక నేలచూపులు చూస్తూ అడిగాడు.

"రేపు నేను టేషనుకు రావచ్చునా పాపా?"

ఆంజినమ్మ జవాబు చెప్పకుండా గడప దాటింది. లోపలికి పోయి, గోడకు తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపు తగ్గాక బయటికి చూస్తే ఆయన ఇంకా ఎండలోనే నిలబడి ఉన్నాడు.

"రా నాయనా," అంది.