చంద్రుడి మీద సన్నజాజి

చంద్రుడి మీద ఫాల్గుని అనే నివాసంలో గాలికి వాసన ఉండదు. చెమటనీ పోపునీ సబ్బునీ ఫిల్టర్లు ఒకే తీరున కడిగి వదిలేస్తాయి. అందుకే అక్కడి గాజు గదిలో తొలి సన్నజాజి విచ్చిన ఉదయం పనులన్నీ ఆగిపోయాయి.

నివాసానికి పెద్ద సోమశేఖరం మాస్టారు. చంద్రుణ్ణి తలమీద పెట్టుకోవలసిన పేరుతో చంద్రుడి తలమీద కూర్చున్న మనిషి. తొలి పువ్వు దేవుడిదని ఆయన ప్రకటించారు. వాసన చూసిన పువ్వు పూజకు పనికిరాదు కనుక దాని దగ్గర ఎవరూ ముక్కు పెట్టకూడదు. సాయంత్రం పూజ. ఈలోగా హైమవతి దాన్ని ఫొటో తీయాలి.

మామూలు ఫొటో కాదు. హైమవతి తయారుచేసిన గంధచిత్రిణి పువ్వుతోపాటు దాని పరిమళాన్నీ చిత్రిస్తుంది. పువ్వు నుంచి వెలువడే అణువులు నిశ్చలమైన గాలిలో ఉల్లిపొరల్లా పేరుకుంటాయి. లేజర్ కిరణం వాటిని తడుముతూ పోతే పొర పొరకీ ఒక రంగు వెలుగుతుంది. పూల ఫొటోలు తీసేవాళ్లకు మొదటి శత్రువు గాలి. కాడ వణికితే బొమ్మ చెదురుతుంది. ఇక్కడైతే గాలి కూడా కదలకూడదు. అందుకని హైమవతి పొద్దున్నే గదిలో ఫ్యాన్లు ఆపించింది. పువ్వు వెనక నల్ల తెర కట్టి, పక్కనుంచి పలచని వెలుతురు పడేట్టు దీపం అమర్చింది. వంటశాల చూసే భ్రమరాంబ మంచు బిందువుల్లా ఉంటాయని నీళ్లు చల్లబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఫొటో కాదిది, పూతో చెలగాటం" అని గొణుక్కుంటూ వెళ్లింది భ్రమరాంబ.

నివాసంలో చోటు తక్కువ. ఈ పరీక్ష నెగ్గకపోతే గంధచిత్రిణిని రేపటి ఓడలో తుక్కుగా భూమికి పంపేస్తానని మాస్టారు ముందే చెప్పారు. హైమవతి యౌవనమంతా ఆ పెట్టెలోనే ఉంది.

మధ్యాహ్నం అందరూ తెర ముందు చేరారు. చిత్రం విచ్చుకుంది. గోరంత పువ్వు చుట్టూ గదినిండా ఒక గోపురం. లోపల పాలతెలుపు, ఆపైన లేతపసుపు, అంచున నీలం. ఇన్నాళ్లూ ముక్కుకే వదిలేసిన దానికి ఇంత రూపం ఉందనీ, ఇంత మేడని ఒక పువ్వు చప్పుడు లేకుండా కట్టుకుంటుందనీ వాళ్లెవరూ ఊహించలేదు. ఒకరిద్దరు తెలియకుండానే చేతులు జోడించారు.

అయితే గోపురం నిండా గుంటలున్నాయి.

అంతసేపూ మురిసిన మాస్టారు గొంతు తగ్గించి, లోపమున్న యంత్రాన్ని ఉంచలేనన్నారు. హైమవతి కటకం తుడిచింది, కిరణం సరిచూసింది. మళ్లీ తీసినా గుంటలు అక్కడే ఉన్నాయి. చివరికి, మాట్లాడే యంత్రం కనుక, దాన్నే అడిగింది.

"లోపం ఎక్కడుంది?"

"నాలో లేదు" అంది గంధచిత్రిణి. "గాలి కదలని గదిలో పొరలు వాటంతట అవి చెదరవు. ఎవరో పీల్చుకున్న చోట్లవి. ఒక్కో గుంట అడుగున రెండేసి నాసికారంధ్రాల జాడ ఉంది."

ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. పువ్వు ఎలా ఉందో చూసివస్తామని పొద్దుట్నుంచీ ఒక్కొక్కరే ఆ గదిలోకి వెళ్లివచ్చినవాళ్లే.

"నీళ్లు చల్లడానికే వెళ్లాను, ముక్కు నాకన్నా ముందు వెళ్లింది" అని భ్రమరాంబ ఒప్పుకుంది. తరవాత తక్కినవాళ్లు. దీపం సర్దేటప్పుడు తానూ వంగానని హైమవతి తల దించుకుంది.

"అన్నిటికన్నా లోతైనది మిగిలింది" అంది యంత్రం. "దాని అంచున మీసం ఆనవాలుంది."

ఆ నివాసంలో మీసం ఒక్కరికే ఉంది.

"కడిగిన గాలి పీల్చీ పీల్చీ ముక్కుందన్న సంగతే మరిచిపోయానమ్మా" అన్నారు సోమశేఖరం మాస్టారు. "ఒక్క పీల్పు చాలనుకున్నాను. చాల్లేదు."

తరవాత అందరివైపూ తిరిగి, యంత్రం పొరపడలేదనీ, చెదిరింది మనమేననీ చెప్పారు. గంధచిత్రిణి ఇక్కడే ఉంటుంది. ఈ పువ్వు ఇక పూజకు పనికిరాదు, కొమ్మమీదే ఉండనివ్వండి. రేపు రెండో మొగ్గ విచ్చుకుంటుంది.

"దానికి కాపలా ఈ యంత్రాన్ని పెట్టండి. మనుషుల్ని వద్దు" అన్నారు. మీసం తడుముకుని, "నన్ను అసలే వద్దు" అన్నారు.