ఒకరు తక్కువ

రాత్రి ఎనిమిది. సన్నటి జల్లు. గాలి లేదు.

ఆ వీధిలో ముందు పుస్తకాల షాపు పోయింది. తర్వాత బేకరీ. ఆ తర్వాత టైలరు మిషన్లు అమ్ముకుని వెళ్లిపోయాడు. ఆఖరికి మూలమీది ట్రావెల్స్ ఆఫీసు. ఒక చోటికి దెయ్యం పేరు పడాలంటే ఏళ్లు పడుతుందంటారు... దీనికి రెండు రాత్రులు చాలాయి.

షట్టరు వెనక ఎవరో లెక్కపెడుతున్నారట. అంకె అంకెకీ కుర్చీ వీపు మీద చరుస్తున్నారట.

ఆ లెక్క అందరికీ తెలిసిందే. ట్రావెల్స్ ఓనరు పేరే లెక్కల బాబాయ్. సెలవులకి కొండమీది హోటలుకి వెళ్లే బస్సు బయల్దేరే ముందు సీటు సీటునీ చరుస్తూ పైకి లెక్కపెట్టేవాడు. కాగితం చూడడు. లెక్క తేలాక తాను దిగిపోయేవాడు, గైడు ఎక్కేవాడు. "పడుకునే ముందు పెళ్లాన్ని కూడా లెక్కపెడతాడట!" అని వీధంతా నవ్వుకునేది.

ఇప్పుడెవరూ నవ్వడం లేదు. ఈసారి బస్సు వెళ్లాక బ్యాంకువాళ్లు వచ్చి షట్టరుకి నోటీసు అంటించారు. బాబాయ్ జాడ లేదు. జనాన్ని కొండమీద వదిలేసి ఉడాయించాడన్నారు. నిన్న రావలసిన బస్సు రాలేదు. ఎవరికి ఫోను చేసినా పలకడం లేదు.

ఒకామె తన అత్తగారినీ, భర్తనీ, కూతుర్నీ ఆ బస్సే ఎక్కించింది. ఆమెకి సెలవు దొరకలేదు.

గొడుగు పట్టుకుని ఆమె ఆ షట్టరు ముందుకొచ్చింది. బోర్డు మీద కొండ బొమ్మ, కింద ఆ హోటలు నంబరు ఉండాలి... బోర్డే లేదు. ఎవరో ఊడబీక్కుపోయారు. మెట్టు మీద ఎంగిలి విస్తళ్లు, ఉమ్ములు, ఎలుకల కంపు. నిన్నటిదాకా "బాబాయ్, కిటికీ సీటు!" అని బతిమాలిన వీధే ఇది.

అప్పుడు వినబడింది.

చెళ్... "ఇరవై ఆరు."

చెళ్... "ఇరవై ఏడు."

బాబాయ్ గొంతే. అణువంత తేడా లేదు.

చెళ్... "ఇరవై ఎనిమిది..."

ఆగింది. తర్వాత గొణుగుడు — "ఒకరు తక్కువ."

ముందు ఆమెకి భయం వేయలేదు. ఒళ్లు మండింది. లోపల దాక్కుని ఆటలాడుతున్నాడు! షట్టరు మీద అరచేత్తో కొట్టింది.

"సిగ్గు లేదా బాబాయ్? ముసలావిణ్ణి, ఆడపిల్లని అడవిపాలు చేసి ఇక్కడ కుర్చీలు లెక్కపెడుతున్నావా? ఏరి నా మనుషులు?"

షట్టరుకి చెవి ఆనించింది.

తర్వాత — షట్టరుకి అవతలే, ఆమె చెవి పక్కనే — "వస్తున్నారమ్మా... ఒకరు తక్కువ."

గొడుగు జారిపోయింది. ఒకరు! ముగ్గురిలో... ఎవరు?

"అక్కా, ఎవరితో మాట్లాడుతున్నారు?" వెనక టీ కొట్టతను. వీధిలో మిగిలిన కొట్టు అదొక్కటే.

"లోపల ఉన్నాడు. వాణ్ణి బయటికి లాగు తమ్ముడూ."

అతను ఆమెని వింతగా చూశాడు. "లోపల ఏముందక్కా? తాళం ఎప్పుడో పగలగొట్టారు. కుర్చీలు కూడా మోసుకుపోయారు, దరిద్రులు." వంగి షట్టరు పైకెత్తాడు. ఫోను లైటు వేశాడు.

నాలుగు గోడలు. నేలమీద కుర్చీ కాళ్ల గుర్తులు. చరచడానికి అక్కడ ఏమీ లేదు.

ఆమె లోపలికి ఒక అడుగు వేసి వెనక్కి వచ్చేసింది. అతను నీళ్లివ్వబోతుంటే వీధి మొదట్లో లైట్లు పడ్డాయి. బస్సు. మెల్లగా, ఈడ్చుకుంటూ వచ్చి ఎప్పుడూ ఆగే చోటే ఆగింది.

తలుపు తెరుచుకుంది. ముందు వాసన దిగింది. ఐసునీళ్లూ అగరుబత్తులూ కలిసిన పచ్చి వాసన. తర్వాత జనం. అత్తగారు దిగింది. చేతులు బోసిగా ఉన్నాయి. కూతురు దిగి ఆమె నడుము పట్టేసుకుంది. ఎంతకీ భర్త దిగడే!

అందరికన్నా ఆఖర్న దిగాడు.

"ఇంతసేపు ఏం చేస్తున్నారు లోపల?" అరిచినంత పని చేసింది.

"నెమ్మది," గుసగుసగా అన్నాడు. "బాబాయ్‌ని వెనక సీటులో పడుకోబెట్టాం. దుప్పటి సర్ది వచ్చాను."

"బాబాయా? పారిపోయాడన్నారుగా..."

"ఎక్కడికి పారిపోతాడే? గైడుకి జీతం ఇవ్వలేక తనే వచ్చాడు. మూడో నాటి రాత్రి... మొన్న, హోటల్లో అందర్నీ లెక్కపెడుతూ కూలబడిపోయాడు. గుండె. ఆ హోటలు వెధవలు పాత బాకీ తేల్చందే గేటు తియ్యమన్నారు. ఫోన్లు లాక్కున్నారు. శవం ఉందిరా అన్నా వినలేదు. అమ్మ గాజులు ఇస్తేగానీ..." అతను పక్కకి తిరిగి ఉమ్మాడు.

ఆమె బస్సు వెనక కిటికీ వైపు చూసింది. పడిపోయేటప్పుడు లెక్క ఎంతదాకా వచ్చిందని మాత్రం అడిగింది.

"ఇరవై ఎనిమిది. మేమంతా అంతే. ఆయన్ని కలుపుకుంటే ఇరవై తొమ్మిది."

ఇంటికొచ్చారు. ఎవరూ అన్నం ముట్టలేదు. బల్ల చుట్టూ ఊరికే కూర్చున్నారు. ఆమె లేచి ఒక్కొక్కరి వెనక్కీ వెళ్లింది.

అత్తయ్య భుజం — ఒకటి.

ఆయన భుజం — రెండు.

పిల్ల భుజం — మూడు.

ముగ్గురూ వచ్చారు.

చెయ్యి మాత్రం ఆగలేదు. బల్ల చివర ఎవరిదీ కాని ఖాళీ కుర్చీ వీపు మీద మెల్లగా ఒకటి చరిచింది.