ఫిర్యాదు చేయని నలభై ఒకటో మనిషి

శుక్రవారం ఉదయం 9.40కి ఇంగ్లండ్‌లోని ప్లిమత్ నౌకాదళ రేవులో కాలమ్ ప్రౌట్ శవం తేలింది. ప్రౌట్ వెల్డింగ్ ఇన్‌స్పెక్టరు. ముందురోజు సాయంత్రం అతను భద్రతాధికారికి పంపిన మెసేజి అప్పటికి పది నిమిషాల క్రితమే ఆయన కంటపడింది.

"ఎవడో ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను. సబ్‌మెరైన్‌లో బాంబు పెట్టాడట. శుక్రవారం పన్నెండుకట. మొహం కనపళ్లేదు. మెళ్లో టార్న్‌బెక్ కంపెనీ ఐడీ కార్డు పట్టీ ఉంది."

10.15కి వారింగ్‌టన్‌లోని టార్న్‌బెక్ ఆఫీసులో హెల్ప్‌లైన్ మోగింది. డిలిస్ హారప్ హెడ్‌సెట్ సర్దుకుంది. అక్కడ ఆమె పేరు షీలా. రేవు కాంట్రాక్టర్ల మీద కన్నేసి ఉంచమని నిఘా శాఖ ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఏడు వారాలైంది.

"నా సెలవు జీతం ఏమైందండీ?" అన్నాడు అవతలి మనిషి.

అది సంకేతం. మాట్లాడుతున్నది ఆమె బాస్ ఫెన్విక్.

"లైనులో ఉండండి సార్." ఆమె హెడ్‌సెట్ తీగ మీది రెండో బటన్ నొక్కింది. ఆఫీసు రికార్డర్ ఆగింది. "చెప్పండి బాస్."

ఫెన్విక్ ప్రౌట్ సంగతి, మెసేజి సంగతి చెప్పాడు. రేవు గేట్లు మూసేశారు. కాంట్రాక్టర్లందర్నీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టారు. సబ్‌మెరైన్ ఖాళీ చేయించారు, పదకొండు మందిని తప్ప. వాళ్లు రియాక్టర్ దగ్గర కాపలా. వదిలి రావడానికి వీల్లేదు.

"మొత్తం వెతకాలంటే నాలుగు రోజులు పడుతుందట. పేరు దొరికితే వాడి జాబ్ కార్డు చూసి ఏ గదో చెప్పొచ్చు. నీ దగ్గర నలభై ఒక్క పేర్లున్నాయి హారప్."

"ప్రౌట్ పోతే నలభై."

"లెక్కలు బాగానే వచ్చు. పేరు చెప్పు."

ఆ నలభై ఒక్క మందీ పని చేసేది రేవులో. కాగితాల మీద మాత్రం టార్న్‌బెక్ ఉద్యోగులు. రేవు ఇచ్చే డబ్బు టార్న్‌బెక్‌కు వస్తుంది. అది పన్నులు కోసుకుని మిగిలింది శుక్రవారం వాళ్ల ఖాతాల్లో వేస్తుంది. ఇలాంటి కంపెనీని అంబ్రెల్లా అంటారు.

10.50కి పేరోల్ మేనేజర్ ఇమోజెన్ లేక్ డిలిస్ బల్ల అంచున వచ్చి కూర్చుంది. ముత్యాల చెవిపోగులు, ఎర్ర కోటు. నిఘా శాఖకు లోపలి కబుర్లు అందించేది ఆమే.

"పాస్కో," అంది మెల్లిగా. "లెన్నీ పాస్కో. మూడుసార్లు బ్యాంకు ఖాతా మార్చాడు. ఫెన్విక్‌కి చెప్పేశాను డార్లింగ్. నువ్వింక టీ తాగు."

ఇమోజెన్ వెళ్లిపోయింది. డిలిస్ టీ తాగలేదు.

పాస్కో ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాడు. "ఏం బంగారం, ఈ వారం కూడా నన్ను దోచుకున్నారా?" అని మొదలుపెట్టి బూతుల్లో ముగిస్తాడు. కారణం ఉంది. ఏడు వారాల క్రితం టార్న్‌బెక్‌లో ఒక ఫైలు పోయింది. నలభై ఒక్క మందినీ వివరాలు లేనివాళ్లకు వేసే టాక్స్ కోడ్‌లో పడేశారు. ఆ కోడ్‌లో మినహాయింపు ఉండదు. వారానికి నలభై ఎనిమిది పౌండ్లు ఎక్కువ పన్ను పోతుంది.

ఆమె కాల్ రిజిస్టరు తీసింది. మొదటి శుక్రవారం నుంచి ఒక్కొక్క పేరుకూ టిక్కు పెట్టింది. తిట్టినవాళ్లు, ఏడ్చినవాళ్లు, లాయరు పేరు చెప్పి బెదిరించినవాళ్లు. ప్రౌట్ కూడా రెండుసార్లు చేశాడు. 11.21కి నలభై టిక్కులయ్యాయి.

మిగిలిన పేరు గావిన్ స్ట్రీట్లీ.

ఆమె అతని గుర్తింపు కాగితాలు తీసి చూసింది. తర్వాత క్యాంటీన్‌లో ఉన్న అతని ఫోన్‌కి చేసింది.

"టార్న్‌బెక్ నుంచి షీలా అండీ. ఏడు వారాలుగా మీ దగ్గర పన్ను ఎక్కువ కోశాం. క్షమించాలి."

"ఫర్వాలేదండీ," అన్నాడు స్ట్రీట్లీ.

ఏడు వారాల్లో ఆ మాట ఆమె వినడం అదే మొదటిసారి.

"మీ పేస్లిప్ చూసుకున్నారా?"

"చూశాను. అంతా బానే ఉంది."

11.26. ఆమె ఫెన్విక్‌కి ఫోన్ కలిపి రెండో బటన్ నొక్కింది.

"బాస్, పాస్కో కాదు. స్ట్రీట్లీ. వాడు ఈ జీతం మీద బతకడం లేదు."

"ఇమోజెన్ పాస్కో అంది. మనవాళ్లు వాడు పనిచేసిన టార్పెడో గదిలో వెతుకుతున్నారు."

"బయటికి రమ్మనండి. స్ట్రీట్లీ గుర్తింపు కాగితాల మీద సంతకం ఎవరిదో తెలుసా? ఇమోజెన్‌ది. అతనొక్కడివే ఆమె స్వయంగా తనిఖీ చేసింది."

"నమ్మకమేనా? తప్పయితే పదకొండు మంది."

"ఫర్వాలేదన్నాడు బాస్. నలభై ఎనిమిది పౌండ్లకి ఎవడంటాడు?"

"స్ట్రీట్లీ జాబ్ కార్డు తీయండి," అని ఫెన్విక్ పక్కవాళ్లకు చెప్పడం వినపడింది. తర్వాత లైన్ కట్ అయింది.

స్ట్రీట్లీ జాబ్ కార్డులో ఇంజిన్ గది, ఎడమవైపు సముద్రపు నీటి పైపు అని ఉంది. 11.44కి జట్టు అక్కడికి చేరింది. 11.51కి పైపు చుట్టూ ఉన్న తొడుగు విప్పారు. 11.59కి తీగ కత్తిరించారు. గడియారంలో ఇరవై రెండు సెకన్లు మిగిలాయి. పదకొండు మందీ క్షేమం.

స్ట్రీట్లీని క్యాంటీన్‌లోనే పట్టుకున్నారు. ప్రౌట్ హత్య కేసు కూడా అతని మీదే పెట్టారు. ఇమోజెన్ లేక్ 12.10కి కారు పార్కింగ్‌లో దొరికింది. ఎర్ర కోటు జేబులో రెండు పాస్‌పోర్టులున్నాయి.

మధ్యాహ్నం రెండింటికి ఎప్పటిలాగే జీతాలు పడ్డాయి. కాలమ్ ప్రౌట్ చివరి వారం జీతం అతని భార్యతో ఉన్న ఉమ్మడి ఖాతాలో పడింది. యజమానిగా టార్న్‌బెక్ కట్టాల్సిన పన్ను కూడా అందులోంచే కోశారు.