పెద్దవాడి వాచీ

కోడలు తన వాచీల దుకాణానికి బయల్దేరబోతుంటే, భర్త వంటింటి బల్ల మీద చేతిరుమాలు విప్పి ఒక వాచీ బయటపెట్టాడు.

“పాత సామాన్లు అమ్మేవాడి దగ్గర కనబడింది. కొనేదీ లేనిదీ సాయంత్రం చెబుతానన్నాను. కాస్త చూడు,” అన్నాడు.

ఆమె చేతిలోకి తీసుకుంది. పాతకాలపు ఆటోమేటిక్ వాచీ. పెట్టుకున్నవాడి చెయ్యి కదిలితే లోపలి బిళ్ళ ఊగి, దానంతటదే కీ తిరుగుతుంది. నీలం డయల్. హాల్లో ఫొటోలో ఉన్న బావగారి ముంజేతికీ అచ్చం ఇలాంటిదే ఉంది.

బావగారు చాలా ఏళ్ళ కిందట పడవ ప్రమాదంలో పోయాడు. బతికో, చనిపోయో అందరూ దొరికారు, ఆయన తప్ప. అప్పటినుంచి అత్తగారు వీధి తలుపుకి గడియ వేయనివ్వలేదు. పెద్దకొడుకు మంచం మీద దుప్పటి మార్చడం మానలేదు. గాలికి తలుపు కిర్రుమంటే చాలు, “వచ్చావా నాన్నా?” అని పలకరించేది. కాపురానికొచ్చిన కొత్తలో ఆ పిలుపు వింటే కోడలికి ఒళ్ళు జలదరించేది. ఈమధ్య తలుపు చప్పుడైతే తనూ అటే చూస్తోంది. అదే ఆమెకి ఎక్కువ భయంగా ఉంది.

“ఇది అన్నయ్యదేనని తేలితే అమ్మ ఎదురుచూపు మానేస్తుంది. వాచీల విషయంలో నీ మాటంటే గురి కదా,” అన్నాడు భర్త.

“ఏ వాచీ రా?”

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. ఎవరూ జవాబు చెప్పకముందే వచ్చి వాచీ అందుకుంది. ఆ కదలికకి, అప్పటిదాకా ఆగి ఉన్న సెకన్ల ముల్లు ఉలిక్కిపడి నడవడం మొదలుపెట్టింది. ఆవిడ మొహం పాలిపోయింది.

“వాడిదైతే... వాడి చేతినుంచి ఎవరు తీశార్రా? తీసినప్పుడు వాడు ఎలా ఉన్నాడు?”

వాచీని బల్లమీద పెట్టేసి, చెయ్యి చీరకి తుడుచుకుంటూ హాల్లోకి వెళ్ళి కూర్చుంది.

కోడలు భూతద్దం కంటికి తగిలించుకుంది. డయల్ మీది అక్షరాలు లావెక్కి అంచులు అలుక్కుపోయి ఉన్నాయి. ఎవరో మళ్ళీ రంగు వేయించారు. ముళ్ళు వేరే వాచీవి. కేసుని అరగదీసి మెరుగుపెట్టారు. వెనక మూత విప్పి, లోపల కంపెనీ కొట్టిన అంకెల్ని కేసు పక్కనున్న అంకెలతో పోల్చింది. కేసూ, మూతా, మిషనూ ఒకే కాలానివి. ఆ కాలం బావగారు పోయిన తర్వాతది.

“కాదు. ఆయన పోయాక తయారైంది ఇది,” అంది మెల్లగా. “మామూలుగా కొనడానికైనా పనికొచ్చే సరుకు కాదు.”

భర్త ఆమె మణికట్టు పట్టుకున్నాడు. “అమ్మతో అవునని చెప్పు.”

“దుకాణానికొచ్చే ముక్కూమొహం తెలియనివాళ్ళకే అబద్ధం చెప్పను. అత్తయ్యకి చెప్పమంటారా?”

“ఒక్క అబద్ధం! దాంతో ఈ ఇల్లు బాగుపడుతుందంటే చెప్పలేవా?”

“బాగుపడుతుందా? ఆవిడ అడిగింది విన్నారుగా. ఎవరు తీశారు, ఎలా తీశారు అని రోజూ అదే తలుచుకుని కుమిలిపోతారు. తలుపు దగ్గరి దయ్యాన్ని తెచ్చి పడకగదిలో పెట్టినట్టవుతుంది.”

“మరి నా సంగతేంటి?” అతను కేకపెట్టాడు. “పోయినవాడికి మంచం ఉంది, దుప్పటి ఉంది, పిలుపుంది. ఎదురుగా ఉన్న నన్ను ఈ ఇంట్లో ఎవరు చూశారు?”

తిరిగి చూస్తే అత్తగారు మళ్ళీ గుమ్మంలో ఉంది. కొడుకుని కాదు, కోడల్ని అడిగింది.

“అమ్మాయ్, నువ్వు చెప్పు. వాడిదేనా?”

కోడలు భర్తవైపు చూడలేదు. “కాదత్తయ్యా. బావగారు పోయాక తయారైన వాచీ ఇది.”

ఆవిడ గుండెలనిండా ఊపిరి తీసుకుంది. మొహం ఒక్క క్షణం వెలిగింది. అంతలో కొడుకు మొహం కంటపడింది, ఆ వెలుగు ఆరిపోయింది. దగ్గరికొచ్చి అతని చెంపమీద చెయ్యి వేసింది.

“నీ జుట్టెప్పుడు నెరిసింది రా?”

అతను చెంపమీది ఆ చేతిని పట్టుకున్నాడు.

“ఆ రోజు నువ్వు రేవులోనే ఉన్నావు కదూ? బడి వదలగానే అన్నకి ఎదురెళ్ళావు.”

“ఉన్నానమ్మా. నన్ను చూసి చెయ్యి ఊపుతున్నాడు. అంతలోనే...”

“ఒంటరిగా ఏడుస్తూ వచ్చావు. అన్న ఏడిరా అని గట్టిగా కుదిపాను. అంతే. నీకు భయమేసిందా అని ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.”

“చాలా భయమేసిందమ్మా,” అన్నాడతను. అంత మనిషీ అక్కడే కూలబడి, తల్లి మోకాళ్ళకి తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆవిడ నేలమీద అతని పక్కనే చతికిలబడింది. తల నిమురుతూ, ఇన్నేళ్ళలో ఎన్నడూ అనని మాట అంది.

“వాడిక రాడు రా, నాన్నా. నువ్వు కళ్ళారా చూశావు. ఏం చూశావో చెప్పు. నేను వింటాను.”

కోడలు గోడకి చేరగిలబడింది. ఆ పూట ఆమె దుకాణం తెరవలేదు. భర్త ముక్కు చీదుకుంటూ, తడబడుతూ, బడిపిల్లాడిలా మొదట్నించీ చెప్పసాగాడు. తల్లి మధ్యలో ఒక్కసారి కూడా తలుపువైపు చూడలేదు.