పరువు తీసే యంత్రం

గిరిజాపతి గుండ్రటి గాజుగది మధ్యలో చేతులు చాచి నిలబడ్డాడు. చుట్టూ గోడ నిండా కెమెరాలు. ఒంటికి అతుక్కుపోయే బూడిదరంగు సూటు వేసుకునేసరికి, ఎప్పుడూ పట్టుచొక్కా చాటున ఉండే బొజ్జ బయటపడింది.

"ఇంకెంతసేపమ్మా వింధ్యా? చేతులు లాగేస్తున్నాయి."

"అయిపోయింది సార్. ఒక్కసారి నవ్వండి."

"రాజుగారి వేషం కదా, నవ్వు కాస్త గంభీరంగా ఉండాలేమో!"

"మీ ఇష్టం సార్. మిగతాది రూపిక చూసుకుంటుంది," అంది డాక్టర్ వింధ్యావళి.

అప్పటికి హైదరాబాద్‌లో పాటల వీడియోలకు షూటింగులు చేయడం మానేశారు. సెట్లు వేసే షెడ్లన్నీ గోడౌన్లయ్యాయి. ఆ పని అంతా రూపిక అనే యంత్రమే చేసేది. మనిషి ఒక్కసారి ఆ గాజుగదిలో నిలబడితే చాలు. ఎముకల పొడవు, చర్మం రంగు, నడక, నవ్వు, అన్నీ అది నేర్చేసుకుంటుంది. తర్వాత ఆ మనిషితో పనిలేదు. పాట ఇస్తే ముందు ఎవరు ఆడాలో, వెనక ఎవరు నిలబడాలో, తన్నులు ఎవరు తినాలో రూపికే నిర్ణయిస్తుంది.

ఆ నిర్ణయాలు దానికి ఎవరూ చెప్పలేదు. దశాబ్దాల పాటలన్నీ చూపించి పద్ధతి నువ్వే కనిపెట్టుకో అన్నారు. కనిపెట్టుకుంది. ఆడపిల్ల వస్తే కెమెరా ముందు నడుము దగ్గరికి పోవాలి, ముఖం సంగతి తర్వాత. తెల్లగా ఉంటే ప్రేమ, నల్లగా ఉంటే హాస్యం. బస్తీ కుర్రాడైతే చేతిలో కత్తి. కాస్త వయసు మళ్లిన ఆడదైతే గయ్యాళి అత్త. ఈ పద్ధతి నుంచి తప్పించడానికి ఒకే ఒక్క స్విచ్ ఉండేది. దాని పేరు అతిథి. అది వేస్తే ఆ మనిషిని రూపిక గౌరవంగా చూపించి తీరాలి. స్టార్లకూ వాళ్ల పిల్లలకూ అది వేసేవాళ్లు.

ఝల్లరి మ్యూజిక్ కంపెనీ వార్షికోత్సవం పాటలో యజమాని గిరిజాపతి రాజుగా కనిపించాలని ముచ్చటపడ్డాడు. వింధ్యావళి ఆయన పేరు ఎదురుగా ఉన్న అతిథి స్విచ్ ఆపేసింది. ఆమె చేసింది అంతే.

రూపికను తయారుచేసిందే ఆమె. ఇంజనీరుగా కొత్తగా చేరిన రోజుల్లో, పరీక్షకు ఎవరూ ముందుకు రాకపోతే తనే గాజుగదిలో నిలబడింది. గిరిజాపతి తీసిన మొదటి హిట్ పాటలో కుర్రకారంతా ఈలలు వేసిన నడుము ఆమెదే. దాని మీద ఎవరిదీ కాని ఒక తెల్లటి ముఖం పెట్టారు. ఆమె ముఖాన్ని మాత్రం అదే పాటలో వంటమనిషికి ఇచ్చారు. హీరో చీకట్లో పొరపాటున ఆ వంటమనిషిని కౌగిలించుకుని, లైటు వేశాక వాంతి చేసుకుంటాడు. హాల్లో పొట్టలు పట్టుకుని నవ్వారు. వింధ్యావళి తల్లి కూడా ఆ పాట చూసింది. టీవీ కట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు వింధ్యావళి వెళ్లి అడిగితే గిరిజాపతి తల ఎత్తకుండానే అన్నాడు. "నేను చేసిందేముందమ్మా? జనం ఏది చూస్తారో యంత్రం అదే నేర్చుకుంది. నా చేతుల్లో ఏముంది?"

ఆ మాటను ఆమె ఏళ్ల తరబడి మింగుతూనే ఉంది. సాలెహ్‌ను చూశాక ఇక మింగుడుపడలేదు.

సాలెహ్ ఏసీ గార్డ్స్ బస్తీ కుర్రాడు. ఎన్నో తరాల కిందట నిజాం కొలువులో అశ్వికదళంగా పనిచేయడానికి ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల వంశం. మునిసిపల్ ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పేవాడు, పెళ్లిళ్లలో మర్ఫా డోలు వాయించేవాడు. పెళ్లిపాట అని చెప్పి అతన్ని చొక్కా లేకుండా గాజుగదిలో నిలబెట్టారు. డోలు కూడా తెచ్చుకోమన్నారు. పాట విడుదలైన రోజు అతను చుట్టాలందరినీ పిలిచి కూర్చోబెట్టాడు. పాటలో డోలు లేదు. స్కూలు గేటు దగ్గర పిల్లలకు మత్తుమందు పొట్లాలు అమ్ముతూ సాలెహ్ కనిపించాడు. హీరో వచ్చి అతన్ని మురికి మోరీలో తొక్కాడు.

వారం తిరక్కుండా తల్లిదండ్రులు పిల్లల్ని ఈతకు పంపడం మానేశారు. ఉద్యోగం పోయింది. కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ అతన్ని మెడపట్టి గెంటుతుంటే వింధ్యావళి చూసి లోపలికి తీసుకొచ్చింది.

"హీరో కొడితే కొట్టనీ మేడమ్, పాటే కద," అన్నాడు సాలెహ్. టీ ముట్టుకోలేదు. "పిల్లలు నన్ను చూసి ఏడ్చిండ్రు. నీళ్లంటే భయం పోగొట్టినోణ్ణి నేను. ఇప్పుడు నేనంటేనే భయపడుతున్నరు."

"గిరిజాపతికీ ఆ గతి పట్టిస్తాను," అంది వింధ్యావళి. "నువ్వు వచ్చి చూద్దువుగాని."

వార్షికోత్సవం నాటి సాయంత్రం ఆడిటోరియం కిటకిటలాడింది. ముందు వరసలో గిరిజాపతి, భార్య, కోడలు, మనవరాలు. చివరి వరసలో వింధ్యావళి, ఆమె పక్కన సాలెహ్.

పాట మొదలైంది. సింహాసనం మీద ఎవరో తెల్లటి కుర్రాడు కూర్చున్నాడు. గిరిజాపతి మెడ చాచి తన కోసం వెతుక్కున్నాడు. రెండో చరణంలో కనిపించాడు, బస్‌స్టాపులో. వయసు, బట్టతల, బొజ్జ లెక్కవేసి రూపిక ఆయన్ని తాగుబోతు ముసలాణ్ణి చేసింది. తాగుబోతు తెల్లగా ఉండకూడదని నేర్చుకుంది కాబట్టి ఒంటికి నల్లరంగు కూడా పులిమింది. కాలేజీ అమ్మాయిల వెంటపడి, లుంగీ జారిపోతుంటే పట్టుకుని చొంగ కార్చాడు. అమ్మాయిలు చెప్పులు తీశారు. హాలు హాలంతా ఘొల్లుమంది. మనవరాలు కూడా నవ్వబోయి, ఆ ముఖాన్ని గుర్తుపట్టి, తాత వైపు చూసి తల్లి ఒళ్లో ముఖం దాచుకుంది.

"ఆపండి! ఆపండిరా!" అని గిరిజాపతి లేచి అరిచాడు. తెర మీదా ఆయనే, ఎదురుగా అరుస్తున్నదీ ఆయనే. జనానికి నవ్వు రెట్టింపయింది.

వింధ్యావళి చప్పట్లు కొట్టింది. సాలెహ్ కూడా కొట్టాడు. అన్నేళ్ల తర్వాత ఆ రాత్రి ఆమెకు ఒళ్లెరగని నిద్ర పట్టింది.

ఆ పాట ఫోన్లలో ఊరంతా పాకి, గిరిజాపతికి మాత్రం పగలు కూడా గడవడం కష్టమైంది. పొద్దుటి నడకకు వెళ్తే పార్కులో ఆడవాళ్లు బెంచీ మారేవారు. మనవరాలి కోసం వెళ్తే స్కూల్లో ఆయాలు పాపను ఆయన చేతికి ఇవ్వకుండా కోడలికి ఫోన్ చేశారు. ఆయన వింధ్యావళి గదికి వచ్చి నిలబడ్డాడు.

"నేనలాంటివాణ్ణి కాదని నీకు తెలుసు కదమ్మా!"

"సాలెహ్ అలాంటివాడు కాదని మీకు తెలియదా సార్?"

"ఆ పాట తీసెయ్. నీకు దణ్ణం పెడతాను."

"జనం ఏది చూస్తారో యంత్రం అదే నేర్చుకుంది. నా చేతుల్లో ఏముంది?" అంది. ఆ మాట అంటుంటే ఆమెకు నోరు తీపి చేసుకున్నట్టయింది.

అక్కడితో ఊరుకుని ఉంటే ఆ పగ అక్కడే ముగిసేది. కాని ఊళ్లో గిరిజాపతులు ఇంకా చాలామంది ఉన్నారని ఆమెకు తోచింది. ఉద్యోగం వదిలేసి, అతిథి స్విచ్ లేని రూపికను ఎవరైనా ఫోన్‌లో వాడుకునేలా ఉచితంగా బయటపెట్టింది. తనను యంత్రం ఎలా చూపిస్తుందో ప్రతివాడికీ తెలియాలనుకుంది.

జనం తమను తాము చూసుకోలేదు. తమకు గిట్టనివాళ్ల ఫోటోలు పెట్టి, వీడి పరువు తీసే పాట ఒకటి చెయ్ అన్నారు. ఫోటోలో ముఖమే ఉంటుంది, ఒళ్లు ఉండదు. కాబట్టి రూపిక తన దగ్గరున్న శరీరాల్లోంచి ఒకటి తీసుకోవాలి. పరువు తీయడానికి ఏ శరీరం పనికొస్తుందో అది తన పద్ధతిలో వెతికింది. ప్రతిసారీ ఒకే శరీరం దొరికింది.

ఇంటి ఓనరు ముఖం, ప్రిన్సిపాల్ ముఖం, కాదన్న అమ్మాయి ముఖం. మెడ కింద మాత్రం ఎడమ భుజం మీద కాలిన మచ్చతో సహా సాలెహ్.

అప్పుడే ఈతకొలను వాళ్లు అతన్ని మళ్లీ పనిలోకి తీసుకున్నారు. చొక్కా విప్పి నీళ్లలోకి దిగగానే ఒక పిల్లాడు ఆ మచ్చ చూసి సంబరంగా అరిచాడు. "కోచ్ సార్, మా నాన్న మా బాబాయికి మీ బాడీ పెట్టిండు! ఇంట్ల అందరం నవ్వినం!"

సాలెహ్ చొక్కా వేసుకుని నేరుగా వింధ్యావళి ఇంటికి వచ్చాడు.

"తీసెయ్యండి మేడమ్."

"ఎక్కడని తీసెయ్యను సాలెహ్? లక్షల ఫోన్లలోకి వెళ్లిపోయింది. ఇప్పుడది నా చేతుల్లో..." ఆమె మధ్యలోనే ఆగిపోయింది.

"ఆ రోజు హాల్ల నేను కూడా చప్పట్లు కొట్టిన," అన్నాడు సాలెహ్. "ఇంటికిపోయి మా అమ్మీకి చూపించిన. ఆమె నవ్వలేదు. 'ఆయనని తిట్టనీకి మన రంగెందుకు పూసిండ్రు బేటా?' అని అడిగింది. నాకు జవాబు తెల్వలేదు. మీకు తెలుసా?"

వింధ్యావళి తల దించుకుంది. "నీ కోసమే చేశాను."

"నన్ను అడిగిండ్రా? గిరిజాపతి సార్ కూడా పెళ్లిపాట అనే చెప్పిండు." సాలెహ్ జేబులోంచి ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు. "నేనూ ఒక పాట చేసిన."

స్కూలు గేటు. పొట్లాలు పట్టుకున్న సాలెహ్ శరీరం. దాని మీద వింధ్యావళి ముఖం. పిల్లల్ని చూసి పళ్లికిలించి నవ్వుతోంది.

"ఎవరికి పంపావు?"

"మీ అపార్ట్‌మెంట్ గ్రూపుల పెట్టిచ్చిన. నేను చేసింది మంచిపని కాదు, నాకు ఎరికే." ఫోన్ తీసుకుని గుమ్మం దాటాడు. వెనక్కి తిరగలేదు.

మర్నాడు పొద్దున ఆమె లిఫ్ట్ ఎక్కేసరికి మూడో అంతస్తు ఇల్లాలు కూతురితో లోపలే ఉంది. ఆ పాపకు రోజూ సాయంత్రం లెక్కలు చెప్పేది వింధ్యావళే. పాప తన తల్లి కొంగు వెనక్కి జరిగింది.

"అది నేను కాదండీ," అంది వింధ్యావళి.

"అయ్యో, ఆ మాత్రం తెలియదా మేడమ్! మీరు కాదని అందరికీ తెలుసు," అని ఆ ఇల్లాలు నవ్వింది. నవ్వుతూనే పాప చెయ్యి గట్టిగా పట్టుకుని, తర్వాతి అంతస్తులోనే దిగి, మెట్ల వైపు నడిచింది.