మణికట్టు మీది మచ్చ

ఆ శుక్రవారం పొద్దున నెలిదా అప్పటికే రెండుసార్లు ఇల్లు ఊడ్చింది. మూడోసారి చీపురు అందుకుంటే తల్లి హసింత వంటింట్లోంచి కేకేసింది.

"నేల అరిగిపోతుందే! రెండు పుపూసా రొట్టెలు తిను. జున్ను పెట్టి కాలుస్తున్నాను."

"గొంతు దిగదమ్మా. పదింటికి కోర్టావిడ వస్తుంది."

శాంతా ఆనా ఊళ్లో స్కూలు యూనిఫాంలు కుట్టే షెడ్డులో పని నెలిదాది. భర్త విల్మర్‌తో విడిపోయి రెండేళ్లయింది. ఆరేళ్ల సులేమ తల్లి దగ్గరే ఉంటూ శని, ఆదివారాలు తండ్రి దగ్గరికి వెళ్లేది. నెల కిందట ఓ శుక్రవారం సాయంత్రం, నెలిదా ఇంకా పనిలో ఉండగానే విల్మర్ వచ్చి పిల్లను తీసుకెళ్లాడు. మళ్లీ పంపలేదు. పిల్ల మణికట్టు మీద కాలిన మచ్చ ఉందనీ, అల్లరి చేసిందని తల్లే వాత పెట్టిందనీ కోర్టుకెక్కాడు. విచారణ తేలేదాకా పిల్ల అతని దగ్గరే ఉండాలన్నారు.

అప్పట్నుంచి నెలిదాకి కంటి మీద కునుకు లేదు. తను రాగానే షెడ్డులో పక్క మిషన్ల వాళ్లు మాటలు ఆపేస్తున్నారు. సంతలో చిక్కుళ్లమ్మే ఆవిడైతే "నిజమేనా అమ్మాయ్?" అని మొహం మీదే అడిగేసింది. ఆ మచ్చ ఎలా వచ్చిందో తనకి తెలియదు. తెలియదంటే నమ్మేదెవరు?

"వాడింట్లోనే కాలుంటుంది," అంది నెలిదా చీపురు మూలన పెడుతూ. "లాయరు కూడా అలాగే చెప్పమన్నాడు. వాడు నా మీద వేశాడు, నేను వాడి మీద వేస్తాను. నువ్వూ అదే చెప్పాలి."

పెనం మీద పుపూసా మాడుతున్నా హసింత తిప్పలేదు.

"అమ్మా, నిన్నే!"

"ఇక్కడే కాలిందే." హసింత పొయ్యి ఆపింది. "ఆ శుక్రవారం పుపూసాలు తనే తిప్పుతానని మారాం చేస్తే స్టూలెక్కించాను. పిండి కోసం ఇటు తిరిగానో లేదో, చెయ్యి పెనానికి తగిలింది. నీళ్లు పోశాను. నువ్వొచ్చాక చెబుదామనుకునేలోపు వాడొచ్చి తీసుకుపోయాడు."

"నెల రోజులమ్మా! ఊరంతా నన్ను రాక్షసిలా చూస్తుంటే నోరు కుట్టేసుకుని కూర్చున్నావా?"

"చెబితే ముసల్దాని దగ్గర పిల్లని ఉంచకూడదంటారు. నువ్వు పనికెళ్తే దాన్నెవరు చూస్తారు? నా వల్లే నీకు పిల్ల దక్కకుండా పోతుందని భయపడి చచ్చానే."

తలుపు చప్పుడైంది.

కోర్టు నుంచి వచ్చిన అర్గెతా మేడమ్ కుర్చీలో కూర్చుని కాగితాలు తీసింది. "మచ్చ సంగతి చెప్పండి."

వాడింట్లోనే అన్న మాట నెలిదా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో ఇదంతా విల్మర్ నెత్తిన పడుతుంది. చెయ్యని తప్పుకి నలుగురిలో తలవంచుకు తిరగడం ఎలా ఉంటుందో నెల రోజులుగా తనకి తెలుసు. వంటింటి గుమ్మంలో హసింత ఏప్రన్ అంచుతో నోరు నొక్కుకుని నిలబడింది.

"ఇక్కడే కాలింది మేడమ్," అంది నెలిదా. "నాకూ ఇప్పుడే తెలిసింది."

"నా వల్లే జరిగింది," హసింత ముందుకొచ్చింది. "దీనికేం తెలీదు. నా పేరే రాసుకోండి."

అర్గెతా మేడమ్ కలం పక్కన పెట్టింది. "పోయిన వారం పాప కూడా ఇదే చెప్పింది. వాళ్ల నాన్నకి మొదటిరోజే చెప్పిందట. అయినా ఆయన వాత పెట్టారనే రాయించారు. ఈ ఇంట్లో వాళ్లు ఏం చెబుతారో విందామని వచ్చాను."

లాయరు మాట వినుంటే ఏమయ్యేది, అనుకుంది నెలిదా.

బుధవారం జడ్జి అది పొరపాటున కాలిన మచ్చేనని తేల్చి పిల్లను తల్లికి అప్పగించింది. కోర్టు వరండాలో విల్మర్ ఎదురొచ్చాడు. "నెలిదా, నీ మీద కోపంతో..."

నెల రోజులుగా అతన్ని అడగాలని ఎన్నో అనుకుంది. "పిల్ల ముందు వద్దు," అని మాత్రం అంది.

సులేమ పరుగెత్తుకొచ్చి తల్లి మెడ కావలించుకుంది. వెనక దూరంగా నిలబడిపోయిన హసింతను చూసి తల్లి చెయ్యి విడిపించుకుంది. వెళ్లి ఆమె నడుము చుట్టేసింది.

"ఏడవకు అమ్మమ్మా. నిన్నెవరూ తిట్టకుండా చూశాను, తెలుసా?"

హసింత నేల మీద కూలబడి పిల్లను ఒళ్లోకి లాక్కుంది. నెలిదా వెళ్లి వాళ్లిద్దరి పక్కన కూర్చుంది. తల్లి భుజం మీద తల ఆన్చి, నెల రోజుల్లో మొదటిసారి బయటికి ఏడ్చింది.